'తెలిసి ఉండాల్సింది' (should have known): యుద్ధ నేరాల పాఠంలో ఈ మాటకు సరైన తెలుగు ఏది?

హైదరాబాద్‌లో లా విద్యార్థుల కోసం యుద్ధ నేరాల విచారణలపై తెలుగులో పాఠం తయారవుతోంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నేతలను విచారించిన నూరెంబర్గ్ భాగం తేలిగ్గానే కుదిరింది: 1946 తీర్పులో 12 మందికి మరణశిక్ష, 7 మందికి జైలు, ముగ్గురు నిర్దోషులు. చిక్కంతా పైఅధికారి బాధ్యత దగ్గరే.

సైనికులు చేసిన నేరానికి కమాండర్‌ను శిక్షించాలంటే అతనికి ఎంత తెలిసి ఉండాలి? 1990ల యుగోస్లావియా యుద్ధాల నేరాలను విచారించిన ఐరాస కోర్టు, అంటే యుగోస్లావియా ట్రిబ్యునల్, శాసనం 7(3) ప్రకారం తెలుసుకోవడానికి తగిన కారణం ఉంటే చాలు. అంటే, ఏదో ఒక హెచ్చరిక సమాచారం అతనికి అందుబాటులో ఉండాలి. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టును ఏర్పరచిన రోమ్ శాసనం 28వ అధికరణం ఇంకాస్త ముందుకెళ్లి, నిజంగా తెలియకపోయినా, అప్పటి పరిస్థితుల్లో కమాండర్‌కు తెలిసి ఉండాల్సింది అని తేలితే చాలంటుంది. సివిలియన్ పైఅధికారి విషయంలో మాత్రం, అతనికి తెలుసనో, స్పష్టమైన సమాచారాన్ని కావాలనే పక్కన పెట్టాడనో రుజువు చేయాలి. ఈ మూడింటినీ 'నిర్లక్ష్యం' అని ఒకే గాటన కట్టేస్తే విద్యార్థికి అసలు సూత్రమే తప్పుగా ఎక్కుతుంది. పైగా తెలియడం ఒక్కటే సరిపోదు. 2018లో అదే కోర్టులో కాంగో మాజీ సాయుధ దళ నేత బెంబా అప్పీలులో నిర్దోషిగా తేలడానికి ఒక ముఖ్య కారణం, అతను సహేతుకమైన చర్యలు తీసుకోలేదన్న నిర్ధారణ నిలబడకపోవడమే.

కోర్టు అనువాదాలు చేసేవారు, క్రిమినల్ లాయర్లు దయచేసి చెప్పండి: ఈ మూడు స్థాయిలకు మూడు వేర్వేరు తెలుగు మాటలు వాడుకలో ఉన్నాయా? 'ఉపేక్ష' అనే మాట మూడోదానికి సరిపోతుందా?

ఇంకొకటి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ నేతలపై జరిగిన టోక్యో విచారణలో నిందితులందరినీ నిర్దోషులన్న జస్టిస్ రాధాబినోద్ పాల్ భిన్న తీర్పు పూర్తి పాఠం ఉస్మానియా లైబ్రరీలో గానీ, అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో గానీ ఎవరికైనా కనిపించిందా? సంక్షిప్త ప్రతులు వద్దు, పూర్తిదే కావాలి.