జీతం ఉద్యోగం వదిలి ప్లాట్‌ఫామ్ పనికి మారితే పింఛను, బీమా ఎలా?

అందరికీ నమస్కారం. నేను అకౌంట్స్‌లో పనిచేస్తున్నాను. బిల్లులు ఎక్కించడం, లెక్కలు సరిచూడడం లాంటివి ఇప్పుడు చాలావరకు సాఫ్ట్‌వేరే చేసేస్తోంది. మా సెక్షన్‌లో ఎవరైనా మానేస్తే ఆ సీటు ఇక ఖాళీయే. ఇదే పని ఆన్‌లైన్ ప్లాట్‌ఫామ్‌లలో విడిగా చేసుకోమని కొందరు సలహా ఇస్తున్నారు. ఆదాయం సంగతి అలా ఉంచితే, నా టెన్షన్ వేరే.

జబ్బు సెలవు, ప్రమాద బీమా, పింఛను ఎక్కువగా ‘యజమాని ఒకరు ఉంటారు’ అన్న లెక్కమీదే నడుస్తాయి. మూడు నాలుగు యాప్‌లలో పనిచేసే మనిషికి చందా ఎవరు కట్టాలి? బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో ఉబర్ డ్రైవర్లను స్వయం ఉపాధివాళ్లుగా కాక ‘వర్కర్లు’గా గుర్తించింది. కనీస వేతనం, వేతనంతో కూడిన సెలవులు అలా దక్కాయి. 2024లో యూరోపియన్ యూనియన్ తెచ్చిన నిబంధనల ప్రకారం, పనిచేసే మనిషిపై ప్లాట్‌ఫామ్ అజమాయిషీ చేస్తోందనడానికి ఆధారాలుంటే ఆ మనిషి ఉద్యోగి కిందే లెక్క. కాదని రుజువు చేసుకోవాల్సింది కంపెనీయే. బాగుంది. మరి ఇంట్లో కూర్చుని వేరే దేశపు క్లయింట్‌కు పనిచేస్తే ఏ దేశం చట్టం వర్తిస్తుంది?

ఇలా మారినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: పింఛనుకు స్వచ్ఛంద చందా కడుతున్నారా? పని దొరకని నెలల్లో అది ఆగిపోతే పాత సర్వీసు పోతుందా? ప్లాట్‌ఫామ్ మన ఖాతా మూసేస్తే ఏళ్లతరబడి వచ్చిన రేటింగ్‌ను వేరేచోట చూపించుకునే వీలుందా?

ఇంకొకటి, డేటా విశ్లేషణ నేర్చుకోవాలా, ఆడిట్ వైపు వెళ్లాలా? సర్టిఫికెట్ కోర్సుల ప్రకటనలు వద్దు, దయచేసి.