ఆన్ సే యంగ్ తొలి మ్యాచ్‌లు: 13 ఏళ్ల అమ్మాయికి ఏవి చూపించాలి?

వైట్‌ఫీల్డ్_నాన్న: పాపకి 13 ఏళ్లు, బెంగళూరులోనే కోచింగ్. కొరియా బ్యాడ్మింటన్ క్రీడాకారిణి ఆన్ సే యంగ్ అంటే ప్రాణం. కానీ చూసేవన్నీ 2023 తర్వాతి మ్యాచ్‌లే. చిన్నప్పుడు ఎలా ఆడేదో తెలియాలంటే ఏవి చూపించాలి? చూశాక కోర్టులో ఏం చేయించాలి?

డీప్_టాస్: మొదట ఓటమి చూపించండి. గ్వాంగ్జు అమ్మాయి, పుట్టింది 2002 ఫిబ్రవరిలో. 2017 చివర్లో మిడిల్ స్కూల్లో ఉండగానే సెలక్షన్ మ్యాచ్‌ల్లో పెద్దవాళ్లను కొట్టి జాతీయ జట్టులోకి వచ్చింది. అంత పేరుతో 2018 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్తే, సింగిల్స్ మొదటి మ్యాచ్‌లోనే చైనా అమ్మాయి చెన్ యుఫే చేతిలో 15-21, 8-21.

తర్వాత 2019. న్యూజిలాండ్ ఓపెన్ ఫైనల్లో చైనా ఒలింపిక్ చాంపియన్ లీ షురుయ్ మీద గెలిచింది. అక్టోబరులో డెన్మార్క్‌లో మన సింధుని 21-14, 21-17తో ఓడించి, మరుసటి వారం పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్‌లో సైనాని 22-20, 23-21తో, ఫైనల్లో స్పెయిన్ అమ్మాయి మారిన్‌ని 16-21, 21-18, 21-5తో ఓడించింది. ఆ 21-5 చూసి అందరూ మురిసిపోతారు గానీ, పిల్లలకు పనికొచ్చేది దాని ముందు గేమే. మారిన్ అలిసింది అక్కడ.

అప్పటికి ఆన్‌కి పెద్ద స్మాష్ లేదు. ఉన్నదల్లా లోతు, అంటే ఎదుటివాళ్ల వెనక గీతదాకా కొట్టడం. పాప చేతికి కాగితం, పెన్ను ఇవ్వండి. ఆన్ కొట్టిన ప్రతి టాస్ (వెనక్కి ఎత్తుగా కొట్టే షాట్), లిఫ్ట్ (నెట్ దగ్గర కింది నుంచి పైకి లేపేది) వెనక రెండు గీతల మధ్య 76 సెంటీమీటర్ల పట్టీలో పడితే టిక్కు, ముందే పడితే సున్నా. ఒక్క గేమ్ చాలు, విషయం అర్థమవుతుంది.

ఆరు_మూలలు: కోర్టులో మల్టీ షటిల్ చేయించండి, అంటే ఒకరు వరసగా కాక్‌లు (షటిల్స్) అందిస్తుంటే పాప కొట్టడం. సెట్టుకి 20 కాక్‌లు, ఆరు మూలలకీ (ముందు, మధ్య, వెనక రెండేసి) కలగలిపి, సెట్ల మధ్య 45 సెకన్ల విశ్రాంతి. 4 సెట్లతో మొదలుపెట్టండి, వారానికి రెండు రోజులు మించొద్దు. చెడేది ఎక్కడంటే, నెట్ దగ్గర పెద్ద అంగ వేసినప్పుడు. మడమ ముందు ఆనాలి, మోకాలు కాలి వేళ్ల దిక్కునే ఉండాలి. అలిసేకొద్దీ మోకాలు లోపలికి ఒరుగుతుంది. ఒరిగిందా, సెట్టు అక్కడే ఆపేయండి. లెక్క పూర్తి కావాలని పట్టుబడితే మిగిలేది మోకాలి నొప్పే.

వైట్‌ఫీల్డ్_నాన్న: థాంక్సండీ. కానీ పాప టాస్‌లు బయటికి పోతున్నాయి, అందుకని తగ్గించి కొడుతోంది.

డీప్_టాస్: చెయ్యి కాదండీ, ముందు కాక్ చూడండి. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి పల్చన, కాక్ దూరం పోతుంది. ఇక్కడ తగ్గించి కొట్టడం అలవాటైతే, చెన్నై టోర్నమెంటులో అదే టాస్ మిడ్‌కోర్టులో పడి ఎదుటివాళ్లకి స్మాష్ అవుతుంది. వెనక గీత మీద నిలబడి, కింది నుంచి పైకి పూర్తి బలంతో, సైడ్ లైన్‌కి సమాంతరంగా పెద్దవాళ్లు ఒకరు కొట్టి చూడండి. అవతలి వెనక గీతకి 53 నుంచి 99 సెంటీమీటర్ల ముందు పడాలి. దాటిపోతుంటే, డబ్బా మీద వేగం నంబరు 77 ఉన్న చోట, అంతకన్నా నెమ్మదిగా వెళ్లే 76 తెప్పించండి. ఈకల కొసలు వంచి సర్దే పని మాత్రం వద్దు, కాక్ ఊగుతుంది.