వీపంతా పిల్లలమర్రి టాటూ: రెండు సిట్టింగుల తర్వాత ఆగిపోయాను, ముందుకు ఎలా వెళ్లాలి?

ప్రశ్న: పాలమూరు బాటసారి, జడ్చర్ల

అందరికీ నమస్కారం. నా వయసు 33 ఏళ్లు. జడ్చర్లలో ఎరువులు, విత్తనాల దుకాణం నడుపుతున్నాను. చిన్నప్పుడు సెలవులు వస్తే మా నాన్న నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని మహబూబ్‌నగర్ దగ్గరి పిల్లలమర్రికి తీసుకువెళ్లేవారు. ఆ చెట్టు ఏడు వందల ఏళ్ల నాటిదని చెబుతారు. ఎకరాల కొద్దీ పరుచుకున్న ఆ నీడలో నిలబడితే ఏది అసలు మానో, ఏది ఊడ దిగి మానైందో చెప్పడం కష్టం. 2018లో చెట్టుకు చెదలు పట్టి, కొమ్మలకు సెలైన్ సీసాలు వేలాడదీసి బొట్టు బొట్టుగా మందు ఎక్కిస్తున్నారని తెలిసినప్పుడు నేనూ నాన్నా కలిసి వెళ్లాం. అప్పుడు సందర్శకులను లోపలికి రానివ్వడం లేదు కాబట్టి బయటి నుంచే చూసి తిరిగి వచ్చాం. నాన్నతో అక్కడికి వెళ్లడం అదే ఆఖరు. ఆయన పోయి నాలుగేళ్లయింది.

అందుకే ఆ చెట్టునే వీపు మీద వేయించుకోవాలని నిశ్చయించుకున్నాను. వెన్ను వెంట మాను, రెండు భుజాల మీదుగా కొమ్మలు, నడుము దాకా దిగే ఊడలు ఉండాలని నా కోరిక. హైదరాబాదులోని టాటూ కళాకారుడు మొత్తం ఏడెనిమిది సిట్టింగులు పడతాయని ముందే చెప్పారు. ఒక్కోటి నాలుగు గంటల చొప్పున రెండు సిట్టింగులలో అవుట్‌లైన్ పూర్తయింది. మొదటిదాన్ని బాగానే ఓర్చుకున్నాను. రెండోసారి సూది వెన్నుపూస మీదికి, అక్కడి నుంచి నడుముకు పైనున్న మెత్తటి చోటికి వచ్చేసరికి పళ్లు బిగించి బల్ల అంచు పట్టుకుని పడుకోవలసి వచ్చింది. మూడో గంట దాటాక చలి జ్వరం వచ్చినట్టు ఒళ్లు వణికింది. ఇంటికి వచ్చిన నాలుగో రోజు పొద్దున బనియన్ వీపుకు అంటుకుపోయి ఉంది. తొందరలో లాగేశాను. కుడి రెక్క ఎముక కింద పక్కు ఊడి రక్తం వచ్చింది. అక్కడ ఒక ఊడ గీత ఇప్పుడు సగం చెరిగినట్టు కనిపిస్తోంది.

ఇది జనవరి నాటి మాట. ఆ తర్వాత రెండుసార్లు తేదీ తీసుకుని రెండుసార్లూ వెళ్లలేకపోయాను. భయం నొప్పి గురించి మాత్రమే కాదు, ఆ తర్వాతి రెండు వారాల గురించి కూడా. మా నాయనమ్మ ముంజేతి మీది పచ్చబొట్టు ఒక్క పూటలో పొడిపించుకున్నదేనని, పసుపు రాస్తే మానిపోయిందని, నేను కూడా పసుపు, కొబ్బరినూనె రాసుకోవాలని అమ్మ అంటోంది. ఇన్ని నెలలు ఆపినందువల్ల వేసినంత వరకు పాడవుతుందా? మత్తు క్రీము రాసుకుని మిగతావి త్వరగా ముగించవచ్చా? చెరిగిన గీత బాగవుతుందా? వీపు నిండా వేయించుకున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: పానగల్లు వాసి, నల్గొండ

నేను తొమ్మిది సిట్టింగులలో, పద్నాలుగు నెలలు తీసుకుని వీపు పూర్తి చేయించుకున్నాను. మా ఊరి ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలోని లింగం మీద పగలంతా కదలకుండా నిలిచే స్తంభపు నీడ మీరు విని ఉంటారు. ఆ గుడి స్తంభాల చెక్కడాన్నే వేయించుకున్నాను. అందువల్ల మీరు రాసిన ప్రతి వాక్యం నాకు అనుభవంలో ఉన్నదే.

వీపు టాటూ విషయంలో ముందుగా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. వీపు మన చేతికి అందదు. చేతి మీదో కాలి మీదో వేయించుకుంటే కడుక్కోవడం, మందు రాసుకోవడం, ఎలా మానుతున్నదో చూసుకోవడం అన్నీ మనమే చేసుకోగలం. వీపును మాత్రం రోజుకు రెండుసార్లు, రెండు వారాల పాటు, ప్రతి సిట్టింగు తర్వాత మరొకరు చూడాలి. నా మొదటి రెండు సిట్టింగులప్పుడు నేను నల్గొండలో గదిలో ఒంటరిగా ఉండేవాడిని. స్నానం చేసి, అద్దంలో మెడ తిప్పి చూసుకుని, అందినంత మేర రాసుకునేవాడిని. మీకు జరిగినట్టే రెక్క ఎముకల మధ్య చోటు ఎండిపోయి పక్కు గట్టిగా కట్టింది. మూడో సిట్టింగు నుంచి మా అక్క ఇంట్లో ఉన్నాను. అక్క చేతులు సబ్బుతో కడుక్కుని, గోరువెచ్చని నీళ్లు దోసిలితో పోస్తూ అరచేత్తో మెల్లగా కడిగేది, కొత్త తువాలుతో రుద్దకుండా అద్దేది, కళాకారుడు చెప్పిన లేపనం పలచగా రాసేది. ఆ సిట్టింగు ఒక్క గీత కూడా పోకుండా మానింది. కాబట్టి ఈ పనిలో సూది కింద గడిపే నాలుగు గంటలు చిన్న భాగం, ఇంట్లో గడిపే రెండు వారాలు పెద్ద భాగం అని నా అభిప్రాయం. మీ వీపు ఎవరు కడుగుతారో తేల్చుకున్న తర్వాతే తదుపరి తేదీ తీసుకోండి.

మొదటి రెండు రోజులు రసి, సిరా కలిసి కారుతాయి. అందుకని పడకమీద పాత నూలు చీర పరుచుకుని బోర్లా పడుకునేవాడిని. ఉతికి ఉతికి మెత్తబడిన చీర కొత్త దుప్పటిలా ఒరుసుకోదు. బట్ట అంటుకుంటే ఎన్నడూ లాగకండి. బట్టతో సహా గోరువెచ్చని నీళ్ల కింద నిలబడితే అయిదు నిమిషాల్లో తానే వదులుతుంది. నాలుగైదు రోజులకు చర్మం బిగుస్తుంది, చెప్పులు వేసుకోవడానికి వంగినా లాగుతుంది. వారం ప్రాంతంలో నల్లటి పొట్టు రాలుతుంది, దురద భరించలేనట్టు ఉంటుంది. అప్పుడు గీరకుండా అరచేత్తో తట్టించుకునేవాడిని.

బస్సు ప్రయాణం గురించి కూడా చెప్పాలి. హైదరాబాదు నుంచి నార్కట్‌పల్లి మీదుగా నల్గొండ వచ్చేవరకు సీటుకు వీపు ఆనించకుండా, ముందు సీటు కమ్మీ మీద చేతులు పెట్టి కూర్చునేవాడిని. మూడో సిట్టింగు తర్వాత బావ కారులో వచ్చి తీసుకువెళ్లడంతో ఆ బాధ తప్పింది. మీకూ ఎవరైనా తోడు వస్తే మంచిది.

వణుకు విషయానికి వస్తే, అది మీ ఒక్కరికే వచ్చింది కాదు. అన్నం తినకుండా పడుకుంటే త్వరగా వస్తుంది. నేను వెళ్లేముందు కడుపునిండా తిని, మధ్యలో పల్లిపట్టి, ఓఆర్‌ఎస్ తీసుకునేవాడిని. నాలుగు గంటలను మూడుకు తగ్గించమని అడిగాను, కళాకారుడు వెంటనే ఒప్పుకున్నారు. అందువల్ల రెండు సిట్టింగులు పెరిగాయి, ఖర్చూ పెరిగింది. అయినా నేను చింతించలేదు.

జవాబు 2: స్టాఫ్ నర్సు, మిర్యాలగూడ

మత్తు క్రీము గురించి మీరు అడిగినందుకు సంతోషం. దయచేసి మీ అంతట మీరు కొని రాసుకోకండి. వాటిలో ఎక్కువగా ఉండేది లిడోకైన్. చిన్న చోట, తగిన మోతాదులో అది మంచి మందే. కానీ వీపంత విస్తీర్ణంలో మందంగా రాసి పైన ప్లాస్టిక్ కవరు చుడితే అది రక్తంలోకి చేరుతుంది. గుండె లయ తప్పడం, ఫిట్స్ రావడం వంటి ప్రాణాపాయం కూడా కలగవచ్చు. పైగా దాని ప్రభావం సిట్టింగు మధ్యలోనే దిగిపోతుంది, అప్పుడు నొప్పి ఒక్కసారిగా తెలుస్తుంది.

పసుపు, కొబ్బరినూనె కూడా వద్దు. అమ్మగారి ప్రేమను నేను తక్కువ చేయడం లేదు. నాయనమ్మగారి పచ్చబొట్టు బొటనవేలంత గాయం, మీది వీపంత గాయం. వంటింటి పసుపు శుభ్రమైన మందు కాదు. పక్కు ఊడి తెరుచుకున్న చోట దాన్ని పెట్టకూడదు. మూడు రోజుల తర్వాత ఎరుపు తగ్గవలసింది పోయి పాకుతూ ఉంటే, ముట్టుకుంటే వేడిగా ఉంటే, చీము పట్టినా జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరుకు చూపించాలి.

మీకు చక్కెర వ్యాధి ఉందేమో పరీక్ష చేయించుకోండి. చెవి కుట్టించుకున్న చోటో టీకా వేసిన చోటో మీ ఇంట్లో ఎవరికైనా మచ్చ ఉబ్బి కాయలా పెరిగి ఉంటే ఆ సంగతి చర్మ వైద్యులకు చెప్పండి. అలాంటి ఉబ్బు మచ్చలు భుజాల మీద, వీపు పైభాగంలో ఎక్కువగా వస్తాయి. శుభ్రంగా లేని సూదుల ద్వారా సోకగల కాలేయ వ్యాధి హెపటైటిస్ బి. దాని టీకా మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు కలిపి మూడు డోసులు. ఇంతకుముందు వేయించుకోకపోతే ఈ విరామంలోనే మొదలుపెట్టవచ్చు. హెపటైటిస్ సి, హెచ్‌ఐవీలకు టీకా లేదు కాబట్టి ప్రతిసారీ సూది ప్యాకెట్టును మీ కళ్లముందే తెరవమని అడగండి. అడగడానికి మొహమాటపడవద్దు.

మీరు రక్తదాతలైతే మరో మాట. మన దేశంలో టాటూ తర్వాత 12 నెలల వరకు రక్తం తీసుకోరు. ఆ లెక్క మీ చివరి సిట్టింగు నుంచి మొదలవుతుంది.

జవాబు 3: మాజీ సైనికుడు, దేవరకొండ

ఇది ప్రశ్న అడిగిన వారికి కాదు, ఈ చర్చ చదివే యువకులకు. సైన్యంలో చేరాలనుకునేవారు వీపు మీద శాశ్వత టాటూ వేయించుకోకండి. మోచేయి లోపలి నుంచి మణికట్టు వరకు ముంజేతి లోపలి వైపు, అరచేతి వెనుక భాగంలో మాత్రమే అనుమతి ఉంది. ఆచారరీత్యా పచ్చబొట్లు ఉండే గిరిజన తెగలకు మినహాయింపు ఉంది. పరుగులో నెగ్గి, కొలతల్లో నెగ్గి, వైద్య పరీక్షలో చొక్కా విప్పాక వెనుదిరిగిన పిల్లవాణ్ణి నేను చూశాను.

జవాబు 4: సూదిపని, మహబూబ్‌నగర్

పన్నెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ముందుగా మీ ప్రధాన భయానికి జవాబు: ఆపినందువల్ల ఏమీ పాడవదు. సూది ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతుకు దిగి, రాలిపోయే పైచర్మానికి కిందనున్న పొరలో సిరాను వదులుతుంది. ఒంట్లోని రక్షణ కణాలు దాన్ని మింగి అక్కడే పట్టి ఉంచుతాయి. మూడు నెలలైనా, మూడేళ్లయినా అవుట్‌లైన్ మీ కోసం ఎదురుచూస్తుంది. మీ నాయనమ్మగారి చేతిమీది పచ్చబొట్టులోని మసి అన్నేళ్లు నిలిచిందీ అందువల్లనే. నల్లటి మసి చర్మం లోతులో నుంచి చూస్తే నీలిపచ్చగా కనిపిస్తుంది. మనవాళ్లు దాన్ని పచ్చబొట్టు అనడం ఎంతో సహజమని నాకు అనిపిస్తుంది.

చెరిగిన గీతకు దిగులు వద్దు. పూర్తిగా మానిన తర్వాత దాని మీదే మళ్లీ గీత వేస్తారు, పది నిమిషాల పని.

ఊడల విషయంలో మాత్రం మీ కళాకారుడితో కూర్చుని మాట్లాడండి. ఏళ్లు గడిచేకొద్దీ ప్రతి గీతా కొంచెం లావవుతుంది. ఇవాళ వెంట్రుకల్లా పక్కపక్కన గీసిన ఊడలు పదేళ్లకు ఒకదానిలో ఒకటి కలిసి మసకబారుతాయి. ఊడకూ ఊడకూ మధ్య ఖాళీ చర్మం వదలాలి. నిజానికి మర్రిచెట్టు బొమ్మలో చెట్టును చూపేది గీతలు కాదు, ఊడల మధ్య నుంచి కనిపించే వెలుతురు. రంగులు కూడా వద్దని నా సలహా. మన చామనఛాయ సిరాకు పైన ఉంటుంది, లేత పసుపు, గులాబీ రంగులు దాని కింద తేలవు. ఎరుపు సిరాతో అలర్జీలు ఎక్కువ. నలుపు, బూడిద ఛాయలతోనే ఆ చెట్టుకు నిండుదనం వస్తుంది.

నొప్పికి ఒక ఉపాయం చెబుతాను. వెన్ను మీది షేడింగ్, అంటే గీతల మధ్య ఛాయ నింపే పని, ప్రతి సిట్టింగులో మొదటి గంటలోనే కొద్దికొద్దిగా చేయమనండి. మీ ఓపిక నిండుగా ఉన్నప్పుడు కష్టమైన చోటు అయిపోతుంది, అలసిన తర్వాత భుజాల మీది మెత్తటి కండ మీద పని సాగుతుంది. పాలమూరు ఎండల్లో మాత్రం మొదలుపెట్టకండి. చెమటకు పక్కు నానిపోతుంది, చొక్కా ఒరుసుకుంటుంది. దసరా దాటాక అయితే చలికాలంలో మూడు నాలుగు వారాల ఎడంతో నాలుగు సిట్టింగులు హాయిగా సాగుతాయి.

ప్రశ్న అడిగినవారి స్పందన: పాలమూరు బాటసారి, జడ్చర్ల

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మత్తు క్రీము ఆలోచన మానుకున్నాను. టీకా మొదటి డోసు ఈ వారమే వేయించుకుంటాను. కార్తీకంలో మూడు గంటల సిట్టింగుకు తేదీ అడిగాను, మా బావమరిది కారులో తోడు వస్తానన్నాడు.

పానగల్లు వాసిగారి, నర్సమ్మ జవాబులను నిన్న రాత్రి అమ్మకు చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చొక్కా విప్పమని, దీపం దగ్గరికి తెచ్చి, మొదటిసారిగా ఆ అవుట్‌లైన్‌ను కింది నుంచి పైదాకా చూసింది. ఎడమ వైపు రెండు ఊడల నడుమ వేలు పెట్టి, మీ నాన్న సైకిలు ఇక్కడ ఆనించేవాడు కదా అంది. పసుపు రాయనని, పానగల్లు వాసిగారి అక్క కడిగినట్టే కడుగుతానని మాట ఇచ్చింది. అక్కడ షేడింగ్ కూడా వేయకుండా, ఆ కాస్త చర్మాన్ని ఉన్నది ఉన్నట్టుగా వదిలెయ్యమని కళాకారుడికి చెప్పబోతున్నాను.