మా ఊరి నాటక సమాజం మళ్ళీ లేచింది, పరిషత్తుకి పంపాలా ఊళ్ళోనే ఇంకో రెండుసార్లు ఆడాలా?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారమండి. మాది తణుకు దగ్గర ఓ పల్లెటూరు. మా నాన్నగారి తరంలో ఇక్కడ నాటక సమాజం ఉండేది, వేసవి వచ్చిందంటే పంచాయతీ ఆఫీసు ముందు గడ్డి పరిచి పద్యనాటకాలు, తెల్లారేదాకా. ఆయన వాయించిన హార్మోనియం పెట్టె ఇప్పటికీ మా అటక మీదే ఉంది, తిత్తి ఎలకలు కొరికేశాయి అది వేరే సంగతి. తర్వాత టీవీలొచ్చాయి, ఒక్కొక్కళ్ళూ పెద్దవాళ్ళైపోయారు, సమాజం అలా ఆగిపోయింది.

రెండేళ్ళ కిందట మేం తొమ్మిది మందిమి కలిసి మళ్ళీ మొదలెట్టాం. ఇద్దరు మేష్టార్లు, రొయ్యల చెరువు లీజుకి చేసే ఆయన, లైన్‌మేన్ ఒకాయన, మెడికల్ షాపు తమ్ముడు, డిగ్రీ చదివే కుర్రాళ్ళు ముగ్గురు, నేను. మొదటి నాటిక ఏప్రిల్ 16న వేశాం, వీరేశలింగం గారి పుట్టినరోజు తెలుగు నాటకరంగ దినోత్సవం కదా అని, హైస్కూలు స్టేజీ మీద 45 నిమిషాలు. రెండోది మొన్న దసరాకి. జనం బానే వచ్చారండి, కుర్చీలు చాలక గోడ మీద కూర్చున్నారు. కానీ సగం మందికి మాటలు వినపడలేదు. పైన ఫ్యాను పక్కనే మైకు వేలాడదీశాడు మైకుసెట్టబ్బాయి, డైలాగు కంటే ఫ్యాను హోరే ఎక్కువ. అది చాలనట్టు పోలీసు వేషం వేసిన మా లైన్‌మేన్ గారి మీసం చెమటకి ఒక పక్క ఊడిపోయి, ఆయనకి తెలీక అలాగే సీరియస్‌గా అరెస్టు చేస్తుంటే ముందు వరసలో పిల్లలు పడీ పడీ నవ్వారు. ఏడవాల్సిన సీను అది.

ఇప్పుడు సంగతేంటంటే మాలో నలుగురు ఈసారి పరిషత్తుకి, అదే నాటక పోటీలకి, ఎంట్రీ పంపుదాం అంటున్నారు. మిగతావాళ్ళు సంక్రాంతికి మళ్ళీ ఊళ్ళోనే వేద్దాం అంటున్నారు. నాకు ఎటూ తేలట్లేదు. ఇంకోటి, ఆడవేషానికి బయటనుంచి ఆర్టిస్టుని పిలుస్తున్నాం, ఆవిడ ముందురోజు సాయంత్రం వచ్చి ఒక్క రిహార్సల్ చేసి ఆడి వెళ్ళిపోతారు, మా మొత్తం ఖర్చులో సగం దానికే అవుతోంది. అలాగే రచయితకి చెప్పకుండా నాటిక వేస్తే తప్పా? చివర మరీ ఏడుపుగా ఉందని మేం కాస్త మార్చాం కూడా. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

మూడోగంట:

బాబూ ముందు అభినందనలు. నేను గుంటూరు వైపు, ఇరవై ఏళ్ళు పరిషత్తులు తిరిగినోణ్ణి, లింగారావుపాలెం, పల్లెకోన, మీ వైపు రావులపాలెం కూడా వచ్చాను. 1929లో తెనాల్లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పెట్టిన కాణ్ణుంచి ఈ పోటీల పద్ధతే మన నాటకాన్ని చాలా వరకు బతికించింది, దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ మీకు నా సలహా, ఇప్పుడే పోవద్దు.

ఎందుకంటే అక్కడ లెక్క వేరు. ముందు స్క్రూటినీ ఉంటది, అందులో ఎంపికైతేనే పిలుపు. నాటికంటే గంట, అది దాటితే మార్కులు పోతాయి. మీ ముందు సమాజం వాళ్ళు సెట్టు పీకగానే మీరు మీది నిలబెట్టాలి, నిమిషాల్లో అయిపోవాలి ఆ పని, దానికి మనుషులు ఉండాలి, ఫ్లాట్లు, అంటే సెట్టు గోడలు, మడతపెట్టి వ్యాను మీద వేసుకుపోయేట్టు చేసుకోవాలి. రాత్రికి మూడు నాటికలు వేస్తే మూడోది మీకు తగిలిందనుకోండి, మీరు తెర తీసేసరికి ఎదురుగా జడ్జీలు ముగ్గురు, టీ కుర్రాడు, తర్వాతి రోజు ఆడాల్సిన ఆర్టిస్టులు నలుగురు. పోయినచోటల్లా ఇట్టాగే అని కాదు, పల్లెటూళ్ళలో జరిగే పరిషత్తులకి ఇప్పటికీ జనం ఇరగబడతారు. కానీ రెండు నాటికలు ఆడిన సమాజానికి ఆ ఖాళీ కుర్చీలు తగిలితే మళ్ళీ లేవదు, నేను చూశాను రెండు సమాజాలు అట్టా పోవడం.

ఇంకో సంగతి, జడ్జీల కోసం ఆడటం అలవాటైతే నటుడు పాడవుతాడు. ప్రతి నాటికలోనూ ఒక ముసలి తండ్రి, ఒక అనాథాశ్రమం, చివర పది నిమిషాలు గొంతు చించుకుని ఏడుపు. నేను కూడా ఏడ్చాను, ఉత్తమ నటుడు తెచ్చుకున్నాను, కాదనను. కానీ మీ ఊరి చెరువు గురించో మీ కాలవ గురించో మీ మాటల్లో ఒక నాటిక రాసుకుని ఊళ్ళో పదిసార్లు ఆడండి. తర్వాత ఎంట్రీ పంపండి, అప్పుడు ఎవడూ మిమ్మల్ని ఆపలేడు.

మీసానికి చిట్కా: మూతి నున్నగా గీసుకోవాలి, చెమట తుడవాలి, స్పిరిట్ గమ్ము రాసి వెంటనే అంటించకూడదు. కాసేపు ఆగి వేలితో తడితే జిగురు సాగాలి, అప్పుడు మీసం పెట్టి తడిగుడ్డతో అదిమి పట్టుకోవాలి. తర్వాత నవ్వకూడదు. లైన్‌మేన్ గారు అంటించుకున్నాక టిఫిన్ చేసుంటారు, అడగండి.

సైడువింగ్:

😀 టిఫిన్ సంగతి నిజం, మా దగ్గరా అయింది.

మైకు గురించి నేను చెప్తా. పెళ్ళిళ్ళకి చేసే మైకుసెట్టు వాళ్ళకి ఒక మనిషి మైకు పట్టుకుని మాట్లాడటం తెలుసు, స్టేజీ మొత్తం వినపడేలా చెయ్యడం తెలీదు, వాళ్ళ తప్పు కాదు. మొదట స్టేజీ మీద ఫ్యాన్లు ఆపించెయ్యండి, నటులకి ఉక్కపోస్తుంది, పోయనీండి. వేలాడే మైకులు స్టేజీ ముందు అంచు వైపు ఉండాలి, మధ్యలో నెత్తి మీద కాదు. అదీ కుదరకపోతే ముందు అంచున నేల మీద మూడు మైకులు, ఒక్కోదాని కింద చెప్పుల అట్టపెట్టెంత మందం స్పాంజి ముక్క. స్పాంజి లేకపోతే చెక్క స్టేజీ మీద అడుగుల చప్పుడు బాంబుల్లా వినపడుద్ది. స్పీకర్లు మైకుల కంటే జనం వైపు ముందుకి ఉండాలి, వెనక్కి పెడితే కూత పెడుతుంది. ఇవన్నీ చేసినా నటుడు వెనక్కి తిరిగి గొణిగితే దేవుడు కూడా వినిపించలేడు అనుకోండి.

లైట్లు కూడా, ఆ రంగులు మారే ఎల్ఈడీ పార్ లైట్లు పెట్టమని అడక్కండి, చావు సీను రిసెప్షన్‌లాగా అయిపోతుంది. వెచ్చటి తెలుపు రెండు, ఎడమ పక్క ఒకటి కుడి పక్క ఒకటి, ముందునుంచి ఏటవాలుగా మొహాల మీద పడేట్టు, వెనకనుంచి ఒక నీలం. మీ లైన్‌మేన్ గారు ఉన్నారు కదా, ఒక చెక్క మీద వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్లు నాలుగు బిగించి ఇమ్మనండి, ఆయన వేషం కన్నా అదే మీకు ఎక్కువ పనికొస్తుంది. తప్పుగా అనుకోవద్దు సార్.

గజ్జెలసంచి:

బయటినుంచి వచ్చే ఆర్టిస్టు వైపునుంచి నేను చెప్తాను, పద్నాలుగేళ్ళుగా నేను చేసేది ఆ పనే. ఖర్చులో సగం ఆవిడకే అని రాశారు. ఆ డబ్బుల్లో బస్సు ఛార్జీ, రెండు రోజుల పని పోవడం, ఇంట్లో పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి రావడం అన్నీ ఉంటాయండి. ముందురోజు వస్తే ఒక్క రిహార్సలే అవుతుంది అంటున్నారు, నాలుగు రిహార్సల్స్‌కి రమ్మని దానికీ రానుపోను ఇస్తామంటే చాలామంది వస్తారు, అడిగేవాళ్ళే తక్కువ. స్క్రిప్టు ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెడతారు, సగం పేజీలు వంకరగా, ఎవరిదో బొటనవేలు అడ్డం. మీ మేష్టారు అందరి డైలాగులూ ఒకసారి గట్టిగా చదివి ఆడియో పెడితే నేను బస్సులోనే వింటూ నేర్చేసుకుంటాను.

ఒకచోట, ఊరి పేరెందుకులెండి, బట్టలు మార్చుకోవడానికి గది అడిగితే ట్రాక్టరు తొట్టి వెనక ఫ్లెక్సీ కట్టిచ్చారు. ఆ ఫ్లెక్సీ మీద ఉన్న నాయకుడు నా వైపే చూస్తున్నాడు. నవ్వొస్తుంది ఇప్పుడు తలుచుకుంటే, ఆ రోజు రాలేదు. గడియ ఉన్న గది ఒకటి, రాత్రి ఆట అయ్యాక బస్టాండు దాకా దింపే మనిషి, అంతే మేం అడిగేది.

అసలు ఒక మాట అడుగుతాను ఏమీ అనుకోకండి. మీ తొమ్మిది మందిలో ఒక్క ఆడమనిషి లేదేంటి? పాతతరం నటుడు బళ్ళారి రాఘవ గారు ఆడవేషాలు ఆడవాళ్ళే వెయ్యాలని ఆ రోజుల్లోనే పట్టుబట్టారు, ఆయన పోయింది 1946లో, ఇంకా మనం బయటినుంచి తెచ్చుకుంటున్నాం. మీ రిహార్సల్ ఎన్నింటికి? రాత్రి తొమ్మిదికి హైస్కూల్లో అయ్యుంటుంది. ఏ ఇంట్లోంచి ఏ ఆడది వస్తుంది ఆ టైముకి? ఆదివారం మధ్యాహ్నం మూడింటికి పెట్టి చూడండి, అంగన్వాడీ టీచరమ్మని, డ్వాక్రా గ్రూపు లీడర్ని అడగండి. మీటింగుల్లో మైకు పట్టుకుని మాట్లాడిన వాళ్ళు వాళ్ళు, మీ లైన్‌మేన్ గారికంటే భయం తక్కువ.

కొబ్బరితోట:

ఫాలోయింగ్. మాది ముమ్మిడివరం వైపు, సేమ్ పరిస్థితి, కాపోతే మాకు మీసం ఊడలా, విగ్గు ఊడింది.

ఆదివారంనాటకం:

నేను మూడోగంట గారితో ఒప్పుకోను. మాది హైదరాబాదు, ఆఫీసు అయ్యాక రిహార్సల్ చేసుకునే బ్యాచ్. ఊళ్ళో పదిసార్లు ఆడితే ఏమొస్తుంది, ఊళ్ళో చప్పట్లు చుట్టాల చప్పట్లు. బాగా చేసినా కొడతారు, చెడగొట్టినా కొడతారు, మీసం ఊడితే ఇంకా కొడతారు. మేం మొదటిసారి పరిషత్తుకి వెళ్ళినప్పుడు ఒక జడ్జిగారు పొద్దున్నే టిఫిన్ దగ్గర పిలిచి, నువ్వు రాత్రి మొత్తం నీ ఎదుటి నటుడితోనే మాట్లాడావు మాకు నీ వీపు తప్ప ఏం కనపడలేదు అన్నారు. నాలుగేళ్ళుగా మా ఫ్రెండ్స్ ఎవడూ చెప్పలేదు ఆ మాట. ప్రైజు రాలేదు, బస్సు డబ్బులు కూడా చేతినుంచే పడ్డాయి, అయినా ఆ ఒక్క మాటకి ఆ ట్రిప్పు కిట్టుబాటే. ఆడకపోయినా సరే కనీసం ఒక మూడు రోజులు వెళ్ళి కూర్చుని చూడండి, వేరే సమాజాలు సెట్టు ఎలా మారుస్తున్నాయో మ్యూజిక్ ఎక్కడ ఆపుతున్నాయో చూస్తేనే సగం పని తెలుస్తుంది.

మూడోగంట:

చుట్టాల చప్పట్లు అన్నమాట బాగుంది, కాదనలేను. చూడ్డానికి వెళ్ళమనడం మంచి సలహా, నేనే చెప్పాల్సింది. ఆడటం మాత్రం వచ్చే ఏడాదికి.

నల్లకోటు:

పర్మిషన్ ప్రశ్న అందరూ వదిలేశారు, నేను చెప్తాను, వృత్తి వకీలు, ప్రవృత్తి ప్రాంప్టర్, తెర వెనకనుంచి డైలాగులు అందిస్తాను. 1957 కాపీరైటు చట్టం 52వ సెక్షన్లో మీలాంటి వాళ్ళ కోసమే ఒక వెసులుబాటు ఉంది. అమెచ్యూర్ క్లబ్బు గానీ సొసైటీ గానీ డబ్బులు తీసుకోకుండా జనానికి నాటకం వేస్తే అది ఉల్లంఘన కిందకి రాదు. కాబట్టి టికెట్ లేకుండా హైస్కూల్లో, దసరా పందిట్లో వేసినదానికి చట్టం మీ వెంట పడదు. టికెట్ పెట్టారంటే ఆ వెసులుబాటు పోయినట్టే, అప్పుడు రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. పరిషత్తులకి పంపేటప్పుడు రచయిత దగ్గర కాగితం తీసి దగ్గర పెట్టుకోండి, ఎంట్రీతో పాటు అడుగుతారు.

కానీ చివర మార్చాం అన్నారు చూడండి, అక్కడే తంటా. తన రచనని వక్రీకరించారని రచయిత అభ్యంతరం పెట్టుకునే హక్కు వేరేగా ఉంది, 57వ సెక్షను. చట్టం సంగతి అలా ఉంచండి, ఫోను చేసి అడిగితే చాలామంది రచయితలు సంతోషంగా ఒప్పుకుంటారు, పైగా ఆట చూడ్డానికి వస్తారు. చెప్పకుండా మారిస్తేనే కోపం. ఇవేవీ వద్దనుకుంటే పాతవి వెయ్యండి, రచయిత పోయాక 60 ఏళ్ళకి హక్కు తీరిపోతుంది. గురజాడ వారు 1915లో పోయారు, కన్యాశుల్కం ఎవరైనా వేసుకోవచ్చు. మొత్తం వేస్తే గంటలకి గంటలు పడుతుంది గానీ ఒక రెండు రంగాలు ఏరుకుంటే మీ 45 నిమిషాల్లో సరిపెట్టొచ్చు. అది 1892లో విజయనగరంలో మొదట ఆడారు, ఇప్పటికీ గిరీశం నోరు విప్పితే నవ్వని వాళ్ళు లేరు.

అన్నట్టు పైన మేడం చెప్పిన రాఘవ గారు కూడా మా నల్లకోటే, కోర్టు పని చేసుకుంటూనే వేషాలు కట్టారు. అమెచ్యూర్ అంటే చేతకానివాళ్ళు అనుకునేవాళ్ళకి చెప్పండి.

గోదారిగట్టు:

అందరికీ చాలా థాంక్సండి, లేట్‌గా రిప్లై ఇస్తున్నా, చెరువు హార్వెస్ట్ నడిచింది, మావాళ్ళు ఎవరూ దొరకలేదు.

నిన్న కూర్చున్నాం. పరిషత్తు ఈ ఏడాది చూడ్డానికి మాత్రమే, నలుగురం వెళ్తాం, పంపుదాం అన్న ఆ నలుగురే. సంక్రాంతికి ఊళ్ళో వేస్తాం. రచయిత గారికి ఫోను చేశానండి, చేతులు వణికాయి. ఏం మార్చారో చదివి వినిపించమన్నారు, వినిపించాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత మీ ముగింపు బాలేదయ్యా, నాదీ బాలేదు, వారంలో ఇంకోటి రాసి పంపుతానన్నారు. ఇంకా రాలేదు, వస్తుంది.

గజ్జెలసంచి మేడం, మా రిహార్సల్ రాత్రి తొమ్మిదిన్నరకండి, మీరు అరగంట తక్కువ చెప్పారంతే. మొన్న ఆదివారం మూడింటికి పెట్టాం. అంగన్వాడీ టీచర్ గారు వచ్చారు, తోడు వాళ్ళ అత్తగారు కూడా వచ్చి చివర బెంచీ మీద కూర్చున్నారు. టీచర్ గారు మొదటి రోజే పేజీ చూడకుండా చెప్పేశారు. అత్తగారు మాత్రం మూడు సీన్లు అయ్యేదాకా ఊరుకుని, లేచి, ఆ పోలీసోడికి మీసం ఎందుకురా తీసెయ్యండి అన్నారు.

తీసేశాం. సైడువింగ్ గారూ, డిమ్మర్ల చెక్క మా లైన్‌మేన్ గారు తయారుచేస్తున్నారు, ఒక్కో డిమ్మరు ఎన్ని వాట్లది కొనాలో చెప్పగలరా, ఆయన మిమ్మల్ని అడగమన్నారు, వేషం గురించి మీరన్న మాట మాత్రం నేను ఆయనకి చూపించలేదండి.