బొబ్బర్లలోని సెరెబ్రోసైడ్‌ను స్టెరాల్ గ్లూకోసైడ్ నుంచి వేరు చేయడమెలా?

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ప్రాజెక్టు కోసం సోయా, బొబ్బర్ల స్ఫింగోలిపిడ్లను (పొడవాటి అమైన్ గొలుసు ఆధారంగా ఉండే కొవ్వులు; సెరెబ్రోసైడ్ అంటే వాటిలో ఒక చక్కెర చేరిన రకం) పోల్చి చూస్తున్నాను. ఒకచోట పని ఆగిపోయింది. ఈ పని తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

గింజల పిండి నుంచి క్లోరోఫామ్, మిథనాల్‌తో లిపిడ్లు తీశాను. వాటిని 0.4 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ కలిపిన మిథనాల్‌లో గోరువెచ్చగా 2 గంటలు ఉంచాను. గ్లిసరాల్‌కు ఎస్టర్ బంధంతో ఉన్న ఫ్యాటీ ఆమ్లాలు దీంతో ఊడిపోతాయి, స్ఫింగోలిపిడ్ల అమైడ్ బంధం మాత్రం చెక్కుచెదరదు. చిక్కల్లా స్టెరాల్ గ్లూకోసైడ్లతోనే (కొలెస్టరాల్ లాంటి మొక్కల స్టెరాల్‌కు గ్లూకోజ్ చేరినవి), అవీ ఈ క్షారానికి లొంగవు. సిలికా ప్లేటు మీద క్లోరోఫామ్, మిథనాల్, నీరు 65:25:4 పాళ్లలో నడిపితే సెరెబ్రోసైడ్, స్టెరాల్ గ్లూకోసైడ్ మచ్చలు రెండూ అంటుకుపోతున్నాయి. రెండింటిలోనూ గ్లూకోజ్ ఉంది కదా, చక్కెరలను రంగుతో చూపే ఆర్సినాల్ చల్లితే రెండూ ఊదారంగే!

సోయాలో ప్రధానంగా ఉండేది 4,8-స్ఫింగాడయనిన్ (4, 8 కార్బన్ల దగ్గర ద్విబంధాలున్న అమైన్ గొలుసు), 2-హైడ్రాక్సీ పామిటిక్ ఆమ్లం కలిసిన సెరమైడ్‌కు గ్లూకోజ్ చేరిన రూపం. బొబ్బర్లలోనూ ఇదే జంట ఉందా అన్నది నా అసలు ప్రశ్న. మెదడు నుంచి తీసిన సెరెబ్రోసైడ్ ల్యాబ్‌లో ఉంది కానీ, అందులో ఎక్కువగా గలాక్టోజ్ ఉంటుంది, 8వ కార్బన్ దగ్గర ద్విబంధం ఉండదు. దాన్ని ప్రమాణంగా పెట్టుకోవడానికి మనసొప్పడం లేదు.

ద్రావణిలో నీటి పాళ్లు తగ్గిస్తే మచ్చలు విడిపోతాయా? లేక ముందే సిలికా కాలమ్‌లో వేరు చేయడం మేలా? మాస్ స్పెక్ట్రోమీటర్ మాకు అరుదుగా దొరుకుతుంది, శాంపిల్ శుభ్రంగా లేకపోతే ఆ అవకాశం వృథా అవుతుందని టెన్షన్‌గా ఉంది. మీరు వాడిన ద్రావణి పాళ్లు చెబితే చాలా మేలు చేసినవారవుతారు.