అప్‌డేట్: బామ్మగారికి ‘దైసుకి’ అనే చెప్పాను

ఒసాకాలో మా పక్కింటి బామ్మగారంటే నాకెంత ఇష్టమో, ఊరు వదిలే ముందు జపనీస్‌లో ఎలా చెప్పాలని పోయిన నెల అడిగాను కదా. ‘ఐషితెరు’ (నిన్ను ప్రేమిస్తున్నాను) వద్దు, అది చాలా బరువైన మాట, భార్యాభర్తలు కూడా అరుదుగా అంటారని మీరు ఆపారు. ఎంత మేలు చేశారో!

కార్డు మీద ‘ఒబాసాన్ నో మిసోషిరు గా దైసుకి దెస్’ అని రాశాను. అంటే, బామ్మగారి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) చారంటే నాకు చాలా ఇష్టం అని. మొదట ‘గా’ బదులు, క్రియకు కర్మను చూపే ‘ఒ’ (మన ‘ని’ లాంటిది) రాసి కొట్టేశాను. ‘సుకి’ క్రియ కాదు, మన ‘నాకు ఇష్టం’ లాంటిదేనని మీలో ఒకరు చెప్పింది అప్పుడు వెలిగింది. దానికి ముందు ‘దై’, అంటే ‘పెద్ద’, చేరితే ‘దైసుకి’.

ఇచ్చేటప్పుడు ఒకటే టెన్షన్. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివారు. ఏమీ అనకుండా లోపలికెళ్ళి, తను ఊరబెట్టిన ఉమెబోషి (ఉప్పులో ఊరేసే పుల్లటి పండ్లు) సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. ‘ఒసెవా ని నరిమాషిత’ అన్నాను, ఇన్నాళ్ళూ నన్ను చూసుకున్నందుకు. అక్కడితో నా గొంతు పూడుకుపోయింది.

ఆ సీసా ఇప్పుడు గుంటూరులో, మా అమ్మ ఆవకాయ జాడీ పక్కన ఉంది. మీ అందరికీ చాలా థాంక్స్.