సమస్య: "వెన్ను జూపి గెలిచె వీరుఁ డొకఁడు"

నిర్వాహకుడు: ఈ వారం సమస్య పైన ఉంది, అదే చివరి పాదంగా ఆటవెలది పూరించండి. పొద్దున్నే కాఫీ తాగుతుంటే తట్టింది, నాకే నవ్వొచ్చింది. ఉత్తరకుమారుడితో మాత్రం రావద్దు. వాడు వెన్ను చూపాడు నిజమే, గెలిచింది మాత్రం బృహన్నల. ఇక కానివ్వండి.

గోదారిగట్టు:

కాలయవనుఁ జూచి కాలికిఁ బనిచెప్పి
గుహకుఁ బరుగు దీసెఁ గొంటె శౌరి
నిదుర లేచి చూచి నృపుఁడు బూదిగఁ జేసె
వెన్ను జూపి గెలిచె వీరుఁ డొకఁడు

గుహలో పడుకున్న నృపుడు ముచుకుందుడి పేరుకి చోటు చాలలేదు. తెలిసినవాళ్ళకి తెలుస్తుంది.

గణగణ: ధార బాగుంది మాస్టారూ. కానీ ఈ సమస్య చూడగానే పదిమందిలో తొమ్మిదిమందికి తట్టేది ఇదే. పైగా కాల్చింది ముచుకుందుడు, కీర్తి మాత్రం కృష్ణుడికి. బృహన్నల మీద పెట్టిన అభ్యంతరం దీనికీ వర్తించదా?

గోదారిగట్టు: ఎవరు ఎక్కడ పడుకున్నారో తెలిసి పరుగెత్తడం కూడా యుద్ధమే నాయనా.

బే ఏరియా బాలుడు: ఉత్తరకుమారుణ్ణి వద్దన్నారు గానీ బేస్‌బాల్ వద్దనలేదుగా!

వెర్ట్జు కొట్టు బంతి వెనుకకై పరుగెత్తి
గోడ వైపే చూపు గురిగ నిలిపి
విల్లి మేసు పట్టె వినుచుక్క దోసిట
వెన్ను జూపి గెలిచె వీరుఁ డొకఁడు

సందర్భం: 1954 సెప్టెంబర్ 29, న్యూయార్క్ పోలో గ్రౌండ్స్, అమెరికా బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్ మొదటి ఆట. మేస్ జట్టు జెయింట్స్, క్లీవ్‌ల్యాండ్ చెరి 2 పరుగులు. ఎనిమిదో ఇన్నింగ్స్. క్లీవ్‌ల్యాండ్ వాళ్ళు రెండో బేస్‌లో లారీ డోబీ, ఒకటో బేస్‌లో ఆల్ రోసెన్. ఔటు ఒక్కటీ లేదు. విక్ వెర్ట్జ్ కొట్టిన బంతి నడిమైదానం లోతుల్లోకి 400 అడుగులు దాటి పోయింది. మామూలు మైదానంలో అది గోడ దాటి హోమ్ రన్, అంటే బేస్‌లన్నీ చుట్టొచ్చే దెబ్బ. పోలో గ్రౌండ్స్ నడిమి గోడ 480 అడుగుల పైమాట, అందుకని అక్కడ పరుగెత్తడానికి చోటుంది. విల్లీ మేస్ బ్యాటు చప్పుడు వినగానే ఆటకి వీపు పెట్టి గోడకేసి పరుగు తీశాడు. బంతి తల మీదుగా వచ్చి ముందు చాచిన రెండు చేతుల్లో పడింది. ఆ ఫోటోలో ఆయన ముఖం కనపడదు. వీపు మీది 24 మాత్రం కనిపిస్తుంది. ముఖం కనపడని ఫోటోతో లోకమంతా గుర్తుపట్టే ఆటగాడు ఇంకొకడున్నాడా?

గణగణ: అభిమానం సరే. రెండో పాదం, రెండో గణం చూడండి. 'వైపే' రెండూ గురువులు. ఇక్కడ సూర్యగణం (గురువు-లఘువు, లేదా మూడు లఘువులు) నిలవాలి, మీరు ఏనుగుని నిలబెట్టారు. 'వైపె' అంటే సరిపోయేది.

బే ఏరియా బాలుడు: 'వైపె' అనే చదువుకోండి. ఫోను దీర్ఘం తగిలించింది.

గణగణ: ఫోన్లకి దీర్ఘాలంటే ప్రీతి అని వెనకటి 'సున్న' సమస్యప్పుడూ విన్నాం. ఇంకోటి, 'వెర్ట్జు' లో మూడు హల్లుల ముడి. పద్యం ఎత్తుకోగానే పంటి కింద రాయి.

బే ఏరియా బాలుడు: ఆ పేరు నేను పెట్టింది కాదు. పైగా ఆ రాయి ఆ రోజు 5 సార్లు బ్యాటింగుకొచ్చి 4 హిట్లు (బేస్ చేర్చిన దెబ్బలు) కొట్టింది. మేస్ చేతిలో పడ్డ ఆ ఒక్కటే అందలేదు.

గోదారిగట్టు: వెనక్కి పరుగెత్తి పట్టడానికి అమెరికా దాకా ఎందుకు బాబూ? 1983 ఫైనల్లో మదన్ లాల్ బంతికి రిచర్డ్స్ లేపితే కపిల్ దేవ్ పట్టలేదూ? మా వీధిలో రేడియో ముందు కూర్చున్న ప్రతివాడికీ తెలుసు.

బే ఏరియా బాలుడు: కపిల్‌కి నా దండం, మాస్టారూ. కానీ క్రికెట్‌లో క్యాచ్ పట్టాక పరుగు లెక్కకి రాదు, బంతి పని అయిపోయినట్టే. బేస్‌బాల్‌లో అక్కడే అసలు కథ మొదలు. పట్టిన క్షణం దాకా బేస్‌ని అంటిపెట్టుకుని ఉన్నవాడు, ఆ తర్వాత తరవాతి బేస్‌కి పరుగెత్తొచ్చు. అంత లోతున పట్టినప్పుడు రెండో బేస్‌లో ఉన్న డోబీ ఏకంగా ఇంటికే (బ్యాటు పట్టే చోటికి, అంటే ఒక పరుగు) చేరగలడు. పరుగెత్తుతున్నంతసేపూ తన ధ్యాస పట్టడం మీద కాదు, విసరడం మీదే ఉందని మేసే చెప్పుకున్నాడు. పట్టీ పట్టగానే గిర్రున తిరిగి విసిరాడు, టోపీ ఎగిరిపోయింది, తనూ పడ్డాడు. డోబీ మూడో బేస్ దాకానే రాగలిగాడు. రోసెన్ ఒకటో బేస్ నుంచి కదల్లేదు.

యతిరాజు: ఇంత కథ కింద రాసి పద్యంలో పట్టడం ఒక్కటే పెట్టారేమండీ? మిగిలింది నేను పూరిస్తాను.

పట్టు టొకటె గాదు బంతిని మరలించి
టోపి రాలఁ దిరిగి చూపె బలిమి
మూఁట నాగె డోబి ముందుకుఁ గదలక
వెన్ను జూపి గెలిచె వీరుఁ డొకఁడు

బే ఏరియా బాలుడు: ముడిసరుకు నాది, కొట్టు మీది. విల్లీ మేస్ పేరే లేని మేస్ పద్యం ఇదేనేమో.

గణగణ: పేరేమో యతిరాజు, రెండో పాదంలో యతి ఏదీ? టో కీ చూ కీ ఏం చుట్టరికం?

యతిరాజు: టోపి, చూపె. రెండో అక్షరం 'ప' కలిసింది, ప్రాసయతి. కళ్ళజోడు తుడుచుకోండి.

గణగణ: చూశాను, చెల్లుతుంది. ఆటవెలదిలో చెల్లుతుందని నాకూ తెలుసు, మీకు తెలుసో లేదోనని అడిగాను.

సీతాకోక: అన్నలిద్దరూ ఒక్క క్యాచ్ దగ్గరే కొట్టుకుంటున్నారు. అది పట్టినంత మాత్రాన ఆట గెలిచిపోలేదు కదా? 'గెలిచె' కి జవాబేదీ?

నాల్గు వందలడుగు నడచిన దెబ్బౌటు
రోడ్సు పొట్టి దెబ్బ రొక్కమయ్యె
మేసు లేని రోడ్సు మెట్టెక్కఁ గలిగెనా
వెన్ను జూపి గెలిచె వీరుఁ డొకఁడు

ఆట పదో ఇన్నింగ్స్‌కి పోయింది. అప్పుడు డస్టీ రోడ్స్ వేరేవాడి బదులు బ్యాటు పట్టి, కుడివైపు గీత పక్కన 260 అడుగులైనా లేని గోడ మీదుగా బంతిని అవతల పడేశాడు. మూడు పరుగులు, జెయింట్స్ 5–2. వెర్ట్జ్ దెబ్బలో సగం పైచిలుకు దూరం, ఫలితం మాత్రం మొత్తం. ఆ ఏడు 111 ఆటలు గెలిచిన క్లీవ్‌ల్యాండ్ సిరీస్‌లో నాలుగుకి నాలుగూ ఓడింది.

గణగణ: అమ్మా, గెలుపుకి లెక్క చూపింది మీరొక్కరే. 'రొక్కమయ్యె' కి పది మార్కులు. దెబ్బ 'నడవడం' మాత్రం ఏమిటి? ఎగరాలి.

సీతాకోక: యతికి ఎగిరేది దొరకలేదు, నడిపించాను.

యతిరాజు: 'దెబ్బ' కూడా రెండుసార్లు పడింది.

సీతాకోక: ఆటలోనూ రెండే పడ్డాయండీ, ఒకటి పొడుగుది, ఒకటి పొట్టిది.

బే ఏరియా బాలుడు: యతిరాజు గారు మేస్‌కి వచ్చారు సంతోషం. 'సున్న చుట్టి కీర్తి సొంపు నందె' ఇచ్చినప్పుడు ఈయన క్రికెటర్ బ్రాడ్‌మన్‌ని పట్టుకొచ్చారు, 1948లో ఓవల్ మైదానంలో చివరి ఇన్నింగ్స్ సున్నా. బ్రాడ్‌మన్‌కి సున్నా వల్ల కీర్తి రాలేదు, కీర్తి ఉండబట్టి సున్నా గుర్తుంది. అప్పుడే చెబుదామనుకున్నా. ఆ సమస్య అసలు మేస్‌దే. 1951లో జెయింట్స్‌లోకి వచ్చిన కొత్తలో 12 సార్లు బ్యాటు పట్టి ఒక్క హిట్టూ లేదు. మేనేజర్ లియో డురోషర్ ముందు ఏడ్చాడు కూడా. తొలి హిట్టు వారెన్ స్పాన్ బంతికి, అదీ హోమ్ రన్. అక్కణ్ణుంచి 660 హోమ్ రన్లు.

యతిరాజు: ఆ సమస్యకి నిర్వాహకులు 'ఉత్తమం' అన్నది నా బ్రాడ్‌మన్‌నే. కావలిస్తే వెతుక్కోండి.

నిర్వాహకుడు: 'బాగుంది' అన్నాను. 'ఉత్తమం' అనలేదు.

గోదారిగట్టు: బాలుడూ, ఇంత చెప్పావు, ఆయన ఉన్నాడా?

బే ఏరియా బాలుడు: లేరు మాస్టారూ. 2024 జూన్ 18న పోయారు, 93 ఏళ్ళకి. కుర్రాడిగా నల్లవాళ్ళ లీగు జట్టు బర్మింగ్‌హామ్ బ్లాక్ బారన్స్‌కి ఆడిన రిక్‌వుడ్ ఫీల్డ్‌లో ఆయన గౌరవార్థం పెద్ద ఆట ఏర్పాటు చేశారు. అది జూన్ 20న, రెండు రోజుల ముందు వెళ్ళిపోయారు. నల్లవాళ్ళ లీగుల్లో కొట్టినవి కూడా అసలు రికార్డుల్లో కలిపింది ఆ ఏడాదే, ఆయన 1948 నాటి 10 హిట్లూ అలా లెక్కకొచ్చాయి. ఇక్కడ జెయింట్స్ ఇప్పటి శాన్‌ఫ్రాన్సిస్కో మైదానం ముందు ఆయన విగ్రహం ఉంది, చుట్టూ 24 తాటిజాతి చెట్లు, చిరునామా 24 విల్లీ మేస్ ప్లాజా. మా అబ్బాయి బళ్ళో గ్లవ్ పట్టిన దగ్గర్నుంచీ అటు పోతుంటాం. బంతి ఆపి పట్టడంలో మేటికిచ్చే గోల్డ్ గ్లవ్ బహుమతి 1957లో మొదలైంది, 1968 దాకా ఏటా ఆయనకే, మొత్తం 12. ఆ క్యాచ్ పట్టిననాటికి ఆ బహుమతే లేదు.

గోదారిగట్టు: అయితే నా కృష్ణుణ్ణి వెనక్కి తీసుకోను గానీ, పక్కన ఈయనకి చోటిస్తాను.

గణగణ: చోటివ్వండి, కానీ 'వైపే' పైన ఇంకా అలాగే ఉంది. ఎవరూ దిద్దలేదు.

నిర్వాహకుడు: దిద్దాను. ఈ వారం సీతాకోక గారిది ఉత్తమం. ఈసారి నిజంగానే అంటున్నాను యతిరాజు గారూ, చూసి పెట్టుకోండి.

యతిరాజు: 'దెబ్బ' రెండుసార్లు.